అష్టమి పొద్దున కట్టిన నేస్తం

మా ఇద్దరినీ కలిపింది కంపు. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

నేను పనిచేసే బ్యూటీ పార్లర్ ఖిదిర్‌పూర్ బజారులో ఒక బట్టల కొట్టు పైన ఉంటుంది. మా ఇల్లు అక్కడికి నడిచిపోయేంత దూరంలో, వాట్‌గంజ్‌లో. మా తాత శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి డాక్‌లో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న అదే డాక్‌లో కలాసీ. నేను మాత్రం జనాల కనుబొమలు సరిచేసుకుంటూ బతుకుతున్నాను. ఆ రోజు నా టిఫిన్ డబ్బాలో మామ్మ చేసిన ఎండు నెత్తళ్ళ పులుసు ఉంది. కొత్తగా చేరిన అమ్మాయి డబ్బాలో ఊరబెట్టిన సోయా గింజల పచ్చడేదో ఉంది. రెండు మూతలూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఫేషియల్ చేయించుకుంటున్న ఒకావిడ ముఖాన పూతతోనే లేచి కూర్చుంది. పార్లర్ నడిపే దీదీ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, "ఇద్దరూ మేడ మీదకి పొండి. రేపట్నుంచి మీ తిండి అక్కడే" అని గెంటేసింది.

అప్పటిదాకా ఆ అమ్మాయంటే నాకు పడేది కాదు. ఎందుకు పడాలి? వచ్చి నాలుగు రోజులు కాలేదు, నా పాత కస్టమర్లు "ఆ పాడే పిల్ల ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. త్రెడింగ్ చేసేటప్పుడు దారం కొస పళ్ళ మధ్య బిగించి పట్టుకోవాలి. నోరు కదపకూడదు. నేనైతే ఆ కాసేపూ మాట్లాడలేక ఉక్కిరిబిక్కిరి అయిపోతాను. ఈవిడగారు ఆ దారం పట్టుకునే కూనిరాగం తీసేది. దారం సన్నగా వణికి, కస్టమర్లకి కనుబొమ దగ్గర చక్కిలిగింతలు పుట్టి, నొప్పి తెలిసేది కాదట. వాళ్ళు కిలకిలా నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం ఏనాడూ నేర్చుకోలేదు.

మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో చెరో పక్కకి తిరిగి కూర్చున్నాం. దూరంగా డాక్ క్రేన్లు. కాసేపు ఎవరి డబ్బా వాళ్ళం చూసుకున్నాం. ఆ తర్వాత ఆమె మెల్లగా జరిగి, నా డబ్బాలోకి తొంగిచూసి, హిందీలో "చేపేనా?" అంది. విసురుగా డబ్బా ముందుకి తోశాను. ఒక ముద్ద తింది. కళ్ళు మూసుకుంది. ఇంకో ముద్ద తింది. మూడోది అడక్కుండానే తీసుకుంది. ఆమె డబ్బాలోది నేను వేలితో అంటించుకుని నాకానో లేదో, ఆ కారానికి ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఏం చేస్తాను, ముక్కు కారుతూ కోపంగా ఉండటం ఎవరి వల్లా కాదు.

ఆ మర్నాటి నుంచి డబ్బాలు మార్చుకుని తినడమే. ఆమెకి బెంగాలీ రాదు, హిందీ అంతంత మాత్రం. నేనా, ఒక వాక్యంలో మూడు భాషలు కలిపేసే రకం. అయినా మాకు మాటలు చాలేవి కావు. దీదీ కింద నుంచి కేకేస్తే గానీ దిగేవాళ్ళం కాదు.

అందరూ ఆమెది మిజోరం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు మాటల్లో, "క్రిస్మస్‌కి ఇంటికి వెళ్తావా?" అని అడిగాను. "ఇల్లు లేదు" అంది, అన్నం కలుపుతూనే. ఆమెది బర్మా కొండల్లో ఒక చిన్న ఊరు. అక్కడ సైన్యం గద్దెనెక్కాక, వాళ్ళ కొండ జాతి మీద, వాళ్ళ చర్చిల మీద పగబట్టారు. ఒక పొద్దున సైనికులు వచ్చి ఊరు తగలబెట్టారు. ఆమె కోయిర్‌లో పాడే చర్చి ముందు కాలింది, తర్వాత ఇళ్ళు. ఆమె తోడబుట్టిన అన్నలు అడవిలోకి పోయారు. వయసులో ఉన్న ఆడపిల్లల్ని కూడా పట్టుకెళ్ళి అదే సైన్యంలో చేరుస్తామని చాటింపు వచ్చాక, తల్లీ కూతుళ్ళు నది దాటి ఇటు వచ్చేశారు. తల్లి మిజోరంలో శరణార్థుల గుడారాల్లో ఉంది. ఆమె పని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది. ఢిల్లీలో శరణార్థులకిచ్చే కార్డుకి అర్జీ పెట్టుకుంది. అది వచ్చేదాకా పోలీసుల కంట పడకూడదు. పడితే మళ్ళీ ఆ నది అవతలికే పంపేస్తారేమోనని ఆమె భయం.

ఇదంతా ఆమె వంట ఎలా చేయాలో చెప్పినట్టు చెప్పింది. నేను మాత్రం బావురుమన్నాను. నా ఏడుపు చూసి ఆమె కంగారుపడి, నా నోట్లో ముల్లంగి ముక్క పెట్టింది. ఏడుస్తూ నమిలాను.

ఇంకో నెలలో దుర్గాపూజ అనగా, ఆమె మరికొందరు కొండ ప్రాంతపు అమ్మాయిలతో కలిసి ఉండే గది పోయింది. బయటి దేశాల వాళ్ళ కోసం పోలీసులు ఇళ్ళిళ్ళూ అడుగుతున్నారని పుకారు పుట్టి, ఆ ఇంటాయన అందరినీ ఖాళీ చేయించాడు. మిగతావాళ్ళకి చుట్టాలో స్నేహితులో ఉన్నారు. ఈమె సంచీతో పార్లర్‌కి వచ్చి, నా కుర్చీ పక్కన సంచీ పెట్టి, ఏమీ జరగనట్టు దారం తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం నేనే ఆ సంచీ భుజాన వేసుకుని, "పద మా ఇంటికి" అన్నాను. అనడం తేలికే. ఇంట్లో మామ్మ ఉంది కదా.

మా మామ్మ గురించి చెప్పాలి. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా ఆవిడే చెప్పాలి. నాన్న డాక్‌లో అందరి మీదా అరిచి, ఇంటికొచ్చాక మామ్మ ముందు పిల్లిలా కూర్చుంటాడు. అమ్మ అయితే ఆవిడ మాటకి ఎదురు చెప్పగా నేను చూడలేదు. మేముండేది ఒక బెంగాలీ పెద్దావిడ ఇంట్లో, మేడ మీద ఒకటిన్నర గది. ఆవిడని మేమంతా మాసీమా అంటాం. మాసీమాకీ మామ్మకీ కింద కుళాయి దగ్గర నేను పుట్టకముందు నుంచీ తగాదా. ఒకావిడ బెంగాలీలో తిడుతుంది, ఒకావిడ శ్రీకాకుళం తెలుగులో తిడుతుంది. ఇద్దరికీ అన్నీ అర్థమవుతాయి.

మామ్మ మా ఇద్దర్నీ గుమ్మంలోనే ఆపింది.

"ఏటే ఇది? ఎవుల్ని తెచ్చినావు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. మామ్మకి బర్మా అంటే రంగమే.

"రంగం దేశపు గుంటా? మా తాత రంగంలో బియ్యం మిల్లులో పనిసేసి ఒచ్చినోడు. ఆల్లు కంపు చేపలు తింటారని సెప్పీవోడు."

"మనం తినేదేటి మామ్మా మరి? అత్తరు రాసిన చేపలా?"

"నోర్ముయ్. కిరస్తానీ పిల్లా? పందిని తింటాదా?"

"తింటాది."

"దాని కంచం దానికి, మన కంచాలు మనకి. అమ్మోరి పటం కాడికి రాకూడదు. పండగైపోనాక ఎల్లిపోవాల. సెప్తన్నాను, తర్వాత నా మీద పడి ఏడవకు."

ఆ "వెళ్ళిపోవాలి" అన్నమాట నేను హిందీలో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. గొంతు బట్టే ఆమెకి తెలిసిపోయింది. తలూపి, వాడలో వాళ్ళందరూ పిలిచినట్టే మామ్మని "దిదా" అని పిలిచి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. మామ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది.

ఆ నెలంతా మామ్మ ఆమెతో నేరుగా మాట్లాడలేదు. ఏం చెప్పాలన్నా నాతో చెప్పేది. "దాన్ని దుప్పటి మడతెట్టుకోమను." "అది మరీ తక్కువ తింటంది, ఒంట్లో బాగోలేదేటో అడుగు." నాకు నవ్వొచ్చేది. మూడడుగుల దూరంలో కూర్చుని ఇద్దరూ నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. ఆమె మాత్రం ఇంట్లో వినబడే తెలుగంతా పోగేసుకుని, చివరికి ఒక్క మాట పట్టింది. "ఏటి?" అన్నిటికీ అదే. ఆశ్చర్యానికి ఏటి, ఆకలికి ఏటి, బస్సు తప్పిపోతే ఏటి. మామ్మ వినిపించుకోనట్టే ముఖం అటు తిప్పుకుని పెదాలు బిగబట్టేది.

అష్టమి వచ్చింది. ఆ పొద్దున కోల్‌కతాలో పాత బట్టలు కట్టుకున్న మనిషి కనబడదు. ఆమెకి కొత్తది లేదు. నేను ముందే ఖిదిర్‌పూర్ బజారులో ఒక చిలకాకుపచ్చ నేత చీర కొని దాచాను. తీసి చేతిలో పెట్టాను. ఆమె కాసేపు ఆ చీరని చూస్తూ ఉండిపోయి, గబగబా తన సంచీ అడుగు నుంచి ఒక మడత తీసింది. ఎర్ర గళ్ళు, నల్ల అంచు, చేత్తో నేసిన లుంగీ లాంటి బట్ట. ఊరు విడిచేటప్పుడు తెచ్చుకున్న ఒకే ఒక్కటి. ఆమె పెళ్ళికి కట్టుకోవాలని తల్లి నేసింది, ఇంకా ఒంటి మీద పడలేదు. "ఇది నువ్వు కట్టుకో" అంది. వద్దన్నాను. కోప్పడ్డాను. అరిచాను. ఆమె నవ్వుతూ నా నడుముకి చుట్టేసింది. అంత మంచి బట్ట నా జన్మలో కట్టుకోలేదు.

ఆమెకి చీర కట్టి, కుచ్చిళ్ళు సర్ది, ఇద్దరం మామ్మకి చూపించాలని లోపలికి వెళ్ళాం. మామ్మ మా ఊరి అమ్మవారి పటం ముందు దీపం వెలిగించి గంట వాయిస్తోంది. పక్కన పళ్ళెంలో మాసీమా పొద్దున్నే పంపిన కొబ్బరి లడ్డూల్లాంటి నాడూలు ఉన్నాయి. ఆకలేస్తోంది. నేనొకటి తీసి ఆమె నోట్లో కుక్కాను. ఆమె ఒకటి తీసి నా నోట్లో కుక్కింది. పుట్టినరోజు కేకు తినిపించుకున్నట్టు, అంతే.

గంట కిందపడింది.

"ఓలమ్మో! ఓలమ్మోలమ్మ! ఏటి సేసీసినారే గుంటల్లారా!"

ఏం చేశామో మాకు తెలియదు. నోరు నిండా కొబ్బరి. మామ్మ నుదురు కొట్టుకుని నేల మీద చతికిలబడింది.

"నేస్తం కట్టీసుకున్నారు కదే!"

మా వైపు ఆ ఆచారం ఉంది. వినడమే గానీ నేను చూసింది లేదు. ఇద్దరు ఆడపిల్లలు అమ్మవారి దీపం ఎదుట, ఇంటి పెద్ద చూస్తుండగా, ఒకరికొకరు కొత్త బట్ట పెట్టుకుని, ఒకరి నోట్లో ఒకరు తీపి పెట్టుకుంటే నేస్తాలైపోతారు. కులం అడ్డు రాదు. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. నేస్తం తల్లి తనకి తల్లి. పండగ పూట నేస్తానికి పెట్టకుండా తను తినకూడదు. చచ్చేదాకా తెగదు.

"మామ్మా, అరే బాబా, ఊరికే సరదాకి పెట్టుకున్నాం. ఆటకి" అన్నాను.

"అమ్మోరి కాడ ఆటేటే, నీ మొకం మండ! కొత్త బట్ట పెట్టుకున్నారా? పెట్టుకున్నారు. తీపెట్టుకున్నారా? పెట్టుకున్నారు. దీపం ఉంది. నాను సూసినాను, ఈ రెండు కల్లతోటి సూసినాను. సూన్నట్టు ఎలా ఉండమంటావు?"

ఆమె నా వైపు చూసి, "ఏటి?" అంది. ఆ పొద్దున ఆ మాట అంత సరిగ్గా ఇంకెవరూ వాడలేరు.

మామ్మ ఊరుకోలేదు. ఊళ్ళో ఉన్న తన నేస్తానికి ఫోన్ కలపమంది. ఆవిడా మామ్మ ఈడుదే, చిన్నప్పుడు కట్టుకున్న నేస్తం. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మామ్మ జరిగిందంతా చెప్పి, "నేస్తం, దీన్ని తెంపీ దారేదైనా ఉందేటి?" అని అడిగింది. అవతల నుంచి నవ్వు. దగ్గుతూ నవ్వు.

"ఓలె నేస్తం, ముసిలోల్లమైపోనా నువ్వే నన్నొదిలించుకోనేకపోనావు. పడుచు గుంటలు ఆల్లేటి ఒదుల్తారు? ఆ పిల్లకి ముందు అన్నం ఎట్టు!"

మామ్మ ఫోన్ నా చేతికిచ్చేసి, గొణుక్కుంటూ లేచింది. వేరుగా పెట్టిన కంచం తీసి అటక మీద పడేసింది. మా అందరి కంచాల్లోంచి ఒకటి తీసి, అన్నం కలిపి, మొదటి ముద్ద తన చేత్తో ఆమె నోట్లో పెట్టింది. పద్ధతట. కోపంతోనే పెట్టింది, ముద్ద మరీ పెద్దదయిపోయి నేస్తం బుగ్గలు ఉబ్బిపోయాయి. నేను నవ్వితే నాకూ ఒక మొట్టికాయ పడింది. నేస్తాన్ని పేరుతో పిలవకూడదు కదా, అందుకే ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. రాసినట్టు తెలిస్తే మామ్మ చెవి మెలిపెడుతుంది. ఈ వయసులోనూ ఆవిడ వేళ్ళకి ఆ బలం ఉంది.

ఆ తర్వాత రోజులు నా జీవితంలోనే బంగారం లాంటి రోజులు. మామ్మ నా నేస్తంతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టింది, అదీ పూర్తి శ్రీకాకుళం తెలుగులో, అర్థమైందా లేదా అని చూడకుండా. విచిత్రం, నేస్తానికి అర్థమయ్యేది. పులుసులో చింతపండు ఎంత వేయాలో కొట్లాడుకునేవాళ్ళు. వాడ పందిట్లో భోగ్ ప్రసాదం పెట్టే రోజున నేస్తం కొంగు దోపుకుని వరసల మధ్య తిరుగుతూ కిచిడీ వడ్డించింది. దశమి వెళ్ళిపోయింది. పండగ అయిపోయాక వెళ్ళిపోవాలన్న మాట మామ్మ మళ్ళీ ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు. నాకేం పిచ్చా?

ఒక మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి మామ్మ కిటికీ దగ్గర తల వెనక్కి వాల్చి కూర్చుని ఉంది. నేస్తం దారం పళ్ళ మధ్య పట్టుకుని, కూనిరాగం తీస్తూ, మామ్మ గడ్డం కింద వెంట్రుకలు తీస్తోంది.

"ఏటి మామ్మా, సోకులా?" అన్నాను.

"సోకులేటే, ఈ వయసులో! అది ఊరుకోనేదు, అంతే." ఒక్క క్షణం ఆగి, "ఇదిగో నేస్తం, ఈ పక్క ఇంకోటుంది, అదీ పీకీ" అంది.

కాళీపూజకి ముందు ఒక ఆదివారం పొద్దున, మా వాడ క్లబ్ పెద్ద, అందరూ దాదా అని పిలిచే మనిషి, ఇంకో ఇద్దరితో కింద వాకిట్లోకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. వాడలో ఎవరికి జ్వరం వచ్చినా రిక్షా పిలిచేది అతనే. కానీ ఆ రోజు గొంతు మారింది.

"మాసీమా, మీ ఇంట్లో బర్మా పిల్ల ఉందట. ఊరంతా ఇప్పుడు ఇదే గొడవ. రేపు వాడ మొత్తం మీదకి వస్తుంది. సాయంత్రంలోపు పంపెయ్యండి. లేదంటే మేమే థానాకి చెప్పాల్సొస్తుంది."

మాసీమా ఒంటరి మనిషి. పోలీసులంటే వణుకు. తలెత్తి మేడ మీది వసారాలో ఉన్న మమ్మల్ని చూసి, "నాకెందుకు బాబా ఈ చిక్కులు? పిల్లని పంపెయ్యండి" అంది.

నా గుండె జారిపోయింది. జారిన గుండెని పట్టుకోవడం మానేసి నోరు విప్పాను.

"పందిట్లో కిచిడీ వడ్డించించుకున్నప్పుడు ఏ దేశమని అడగలేదేం దాదా? రెండోసారి అడిగి మరీ వేయించుకున్నావు!"

అతని వెనకున్నవాళ్ళు నవ్వారు. దాదా ముఖం ఎర్రబడింది. "అయితే సాయంత్రం దాకా ఎందుకు? ఇప్పుడే పోతాం థానాకి" అన్నాడు.

వెనక్కి తిరిగితే నేస్తం సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది. అప్పుడే సర్దేసుకుంది. ఎలా సర్దాలో, దేన్ని వదిలేయాలో తెలిసిన మనిషి. చిలకాకుపచ్చ చీర మడతపెట్టి నా మంచం మీద ఉంచింది. నేను ఆ సంచీ పట్టి లాగాను. ఆమె వదల్లేదు. "నా వల్ల మీకు వద్దు" అంది హిందీలో. కార్డు రాలేదు, వెళ్ళడానికి గది లేదు, ఊరు లేదు. ఎక్కడికి పోతుంది? ఈ వాకిలి దాటితే నది అవతలికే. నాకు ఏడుపొచ్చేసింది.

"ఆగండర్రా" అంది మామ్మ.

నేను ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. పండగైపోయాక వెళ్ళిపోవాలని మొదట అన్నది ఆవిడే కదా.

మామ్మ వసారా అంచుకి వచ్చి కిందకి చూసింది. "పంపాలా? సరే, పంపుతాను. మాకో పద్ధతుంది. నేస్తాన్ని ఒక్కదాన్నీ గుమ్మం దాటించం. తల్లి సేతిలో ఎట్టాల." తర్వాత నాన్న వైపు తిరిగింది. "ఒరే, ఏటలా నిలబడ్డావు? పెట్టె దించు."

"ఏ పెట్టె అమ్మా?"

"ఇంట్లో ఉన్నయ్యన్నీ. మనమూ ఎల్తన్నాం."

నాన్న ఒకసారి అమ్మని చూశాడు. అమ్మ అప్పటికే గిన్నెలు గోనెసంచీలో వేస్తోంది. ఇంకేం మాట్లాడకుండా నాన్న రేకు పెట్టె నెత్తికెత్తుకున్నాడు. తర్వాత పరుపు చుట్ట. తర్వాత పొయ్యి, బిందెలు, బకెట్లు. మామ్మ అమ్మవారి పటాన్ని పాత చీరలో చుట్టి చంకన పెట్టుకుని, మెట్లు దిగి, వాకిట్లో రేకు పెట్టె మీద కూర్చుంది. వాడంతా బయటికి వచ్చేసింది.

మాసీమా నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "ఎక్కడికి దీదీ?"

"ఎక్కడికేటి? దీని తల్లి కాడికి."

"తల్లెక్కడుంది?" అన్నాడు దాదా. నేను చెప్పాను. అతను తల గోక్కున్నాడు. "దిదా, రైలు దిగాక కూడా కొండలెక్కి రోజుల తరబడి పోవాలి."

"ఎక్కుతాం. నాకేటి కాల్లు నేవా?"

"ఈ పిల్ల కోసం ఇల్లు వదిలేస్తావా?" అంది మాసీమా. "ఈ పిల్ల మీకేమవుతుంది?"

మామ్మ తన వచ్చీరాని బెంగాలీలో, అష్టమి పొద్దున జరిగిందంతా చెప్పింది. కొత్త బట్ట, దీపం, నోట్లో తీపి. మాసీమా వింటూ వింటూ ఒక్కసారిగా రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది.

"షొయి! అంటే షొయి పెట్టుకున్నారన్నమాట!"

వాకిట్లో ఉన్న ముసలమ్మలంతా గుసగుసలాడారు. వాళ్ళకీ ఉందట ఇలాంటిదే, చిన్నప్పుడు. ఇప్పుడెవరూ పెట్టుకోవడం లేదట. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

మాసీమాకి కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, కుళాయి దగ్గర కూడా చూడనంత కోపం. "నా ఇంట్లో షొయి పెట్టుకుంటారా! నేను చేసిన నాడూలు తినిపించుకుంటారా! నన్ను ఒక్క మాట పిలవరా?"

"పిలిసీ తీరికేది? గుంటలు తెలీకుండా సేసీసినారు" అంది మామ్మ.

మాసీమా దాదా వైపు తిరిగింది. ఆవిడకి పోలీసుల భయం పోలేదు. అయినా చెప్పింది. "థానా వాళ్ళొస్తే నా దగ్గరికి రమ్మను. ఢిల్లీ కార్డు వచ్చేదాకా ఈ పిల్లకి నేను జవాబు. నా ఇంటి పిల్ల."

దాదా మాసీమాని చూశాడు, పెట్టె మీద దేవతలా బిగుసుకుని కూర్చున్న మామ్మని చూశాడు, చుట్టూ ఉన్న ముసలమ్మలని చూశాడు. "నువ్వు పూచీ అంటే నాకేం మాసీమా?" అన్నాడు. తర్వాత మామ్మ దగ్గరికి వచ్చి, "దిదా, లే. పెట్టె పైకెత్తాలి" అన్నాడు. ఒక చివర నాన్న, ఒక చివర అతను పట్టుకున్నారు.

దించడానికి పట్టిన సమయం కన్నా ఎక్కించడానికి ఎక్కువ పట్టింది, ఎందుకంటే చెయ్యి వేసినవాళ్ళంతా ఎక్కడ ఏది పెట్టాలో చెప్పడం మొదలుపెట్టారు. కార్డు ఆ చలికాలంలో వచ్చింది. ఆ రోజు మాసీమా పాయసం చేసి వాడంతా పంచింది. అది వేరే సంబరం.

ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక చూస్తే, నేస్తం మెట్ల మీద కూర్చుని ఉంది. భుజాన సంచీ అలాగే ఉంది. ఏడుస్తోంది. ఊరు కాలిన సంగతి చెప్పేటప్పుడు కూడా ఏడవని మనిషి. పక్కన కూర్చున్నాను. వీపు మీద చెయ్యి వేశాను. కాసేపటికి ఆమె అంది: "మా ఊరు కాలిన రోజు ఎవరి దారిన వాళ్ళం పరిగెత్తాం. వెళ్ళిపొమ్మని చాలా చోట్ల అన్నారు. వెళ్ళిపోయాను. నాతో పాటు వస్తామని ఎవరూ పెట్టె సర్దలేదు."

"ఏటంటన్నాది?" అంది మామ్మ పై మెట్టు నుంచి. తెలుగులో చెప్పాను. మామ్మ మెల్లగా దిగివచ్చి, మా ఇద్దరి వెనక కూర్చుని, నేస్తం భుజం మీది సంచీ పట్టీ తీసి పక్కన పెట్టింది.

"దాని తల్లికి ఫోన్ కలపమను" అంది.

కలిపింది. గుడారం ముందు కూర్చున్న ఒక సన్నటి మనిషి తెర మీద కనబడింది. కూతురి ఎర్రబడ్డ కళ్ళు చూసి కంగారుగా ఏదో అడిగింది. మామ్మ ఫోన్ లాక్కుని, ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని, గట్టిగా చెప్పింది.

"ఇదిగో అమ్మా, నీ కాడికే బయల్దేరినాం గాని, ఇక్కడోల్లు ఎల్లనివ్వనేదు. నీ పిల్ల నా ఇంట్లోనే ఉంటాది. తిన్నాది. బాగుంది. బెంగెట్టుకోకు."

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కూతుర్ని ఏదో అడిగింది. నేస్తం ముక్కు తుడుచుకుని, వాళ్ళ భాషలో చెప్పింది. అందులో ఒక్క మాట నాకు తెలిసిన మాట.

"ఏం అడిగింది?" అన్నాను.

"ఈ పెద్దావిడ ఎవరని."

"నువ్వేమన్నావు?"

"మా మామ్మ అన్నాను."

అవతల ఆ తల్లి రెండు చేతులూ జోడించి, ఆ మాటని నోట్లో ఒకసారి తిప్పి చూసుకుని, మెల్లగా పిలిచింది. "మామ్మ."

"ఏటమ్మా?" అని పలికింది మామ్మ.